ఆటలో అరటిపండు

జగ్గయ్యపేట బస్టాండులో పల్లెవెలుగు ఎక్కేవాళ్ళని ఎవర్నైనా అడిగి చూడండి. కండక్టరు పరిమళ పేరు చెప్పగానే ముందు నవ్వుతారు, ఆ వెంటనే జేబు తడుముకుంటారు, టికెట్టు ఉందా లేదా అని. పాతికేళ్ళకు పైబడి పేటకీ నందిగామకీ మధ్య తిరిగిన మనిషి ఆవిడ. పేటలో విజిలేస్తే చిల్లకల్లులో జనం సంచులు సర్దుకుని లేచి నిలబడేవాళ్ళని డ్రైవరు జ్ఞానయ్య అంటుంటాడు. జ్ఞానయ్య మాటల్లో సగం కోతలే గానీ ఆ విజిలు మాత్రం కోత కాదు. టికెట్టు లేనివాడు ఆవిడ కళ్ళలోకి చూస్తూ రెండు స్టాపులు దాటిన దాఖలా లేదు. వెనక సీట్లో తువ్వాలు కప్పుకుని నిద్ర నటించేవాడిని కూడా, "లే నాయనా, కల్లో కొన్న టికెట్టు ఇక్కడ చెల్లదు" అని లేపేది.

అలాంటి మనిషిని ఆరేళ్ళ పిల్ల కింద జమకట్టారు. బయటివాళ్ళు కాదు, సొంత ఇంట్లోవాళ్ళే. వింటుంటే మీకు నవ్వు రావచ్చు. ఆవిడకి మాత్రం ఒళ్ళు మండిపోయింది. మండదా మరి?

ఆ మంట ఎంత పాతదో తెలియాలంటే వత్సవాయి వెళ్ళాలి. పరిమళ అక్కడ ఇశ్రాయేలు గారి ఆఖరి సంతానం. వీధిలో పిల్లలంతా సాయంత్రంపూట దాగుడుమూతలు ఆడుతుంటే ఆరేళ్ళ ఈ పిల్ల నేనూ వస్తానని ఏడ్చేది. చేర్చుకుంటే ఆట చెడుతుంది, చేర్చుకోకపోతే ఇంట్లో తన్నులు పడతాయి. అందుకని పెద్దపిల్లలు అన్ని ఊళ్ళలో చేసే పనే వాళ్ళూ చేశారు. "ఇది ఆటలో అరటిపండురా" అని ఒకరికొకరు కన్ను కొట్టుకుని రానిచ్చారు. అరటిపండు పరుగెత్తొచ్చు, అరవొచ్చు, దాక్కోవచ్చు. అవుటవడం ఒక్కటే కుదరదు. దొంగ సరిగ్గా ఎదురుపడినా చూడనట్టు పక్కనించి పోతాడు. ఆ ముక్క అరటిపండుకి ఎవరూ చెప్పరు.

పరిమళ గడ్డివాము వెనక నక్కేది. ఎవరూ పట్టుకోలేకపోతున్నారని, తనంత బాగా దాక్కునేవాళ్ళు ఊళ్ళోనే లేరని కొన్నాళ్ళు తెగ మిడిసిపడింది. ఒకరోజు అన్న దేవరాజ్ నోరు జారాడు. "నిన్నెవడు వెతుకుతాడే పిచ్చిమొహమా, నువ్వు అరటిపండువి!"

అంతే, వీధి మధ్య దుమ్ములో చతికిలబడి రాగం తీసింది. "నన్ను దొంగని చెయ్యండి! నన్నూ దొంగని చెయ్యాల్సిందే!" అని. ట్రాక్టరు వచ్చి హారను కొడుతున్నా లేవలేదు. ఆ పిల్ల గోల పడలేక చివరికి దొంగని చేశారు. చీకటి పడేదాకా ఒక్కర్నీ పట్టుకోలేకపోయింది. పడి పడి మోకాళ్ళు రెండూ చెక్కుకుపోయాయి. ఇంటికొచ్చాక తల్లి పసుపు అద్దుతుంటే ఏడవాల్సింది పోయి, "నేను దొంగనయ్యానమ్మా" అని ఒకటే ఇకిలింపు.

ఉద్యోగంలో చేరిన కొత్తలో ఇదే జ్ఞానయ్య, "వెనక్కి పోమాకమ్మా, జనం తొక్కిడిగా ఉన్నారు. నువ్వు ముందు కూర్చో, వాళ్ళనే నీ దగ్గరికి రమ్మంటా" అన్నాడు, పాపం మంచికే. "జ్ఞానయ్యన్నా, నువ్వు స్టీరింగు సంగతి చూసుకో. బస్సు వెనక సగానికి కూడా నాకే జీతమిస్తన్నారు" అని జనంలోకి దూరింది. ఆ రోజు చీర చిరిగింది, కాళ్ళు తొక్కించుకుంది, ఒక్క టికెట్టు వదల్లేదు. అప్పట్నించి జ్ఞానయ్య మళ్ళీ ఆ మాట ఎత్తలేదు. ఇద్దరికీ అంత బాగా కుదిరింది.

కిందటి వర్షాలప్పుడు కొణకంచి అడ్డరోడ్డు దగ్గర ఒక ముసలావిడ మూట దింపి పెడుతుంటే, తడిసిన మెట్టు మీద పరిమళ కాలు జారింది. మోకాలి కింద ఎముక విరిగింది. రాడ్డు వేశారు. కొన్ని నెలలు మంచం, ఆ తర్వాత వాకరు, ఆ తర్వాత చేతికర్ర. చూడ్డానికి వచ్చినవాళ్ళంతా "రెస్టు తీసుకోండమ్మా, ఎంత చేశారు ఇన్నాళ్ళూ" అనేవారు. ఆ మాట వింటే ఆవిడకి అరికాలి మంట నెత్తికెక్కేది. రెస్టంట! ఆవిడ మనసులో ఉన్నది ఒకటే. మళ్ళీ బస్సెక్కాలి. మెడలో టికెట్టు మిషను, చేతిలో విజిలు, నిండు బస్సులో నిలబడి నందిగామ దాకా పోవాలి. అదొక్కటి జరిగితే చాలు, ఇంకే వరమూ అడగలేదు.

భర్త ప్రేమదాసు బడిపంతులు. మెత్తని మనిషి, దారిలో చీమలబారు కనబడితే చుట్టూ తిరిగి నడిచే రకం. ఆయన ప్రేమకి వంక పెట్టడానికి లేదు. ఆవిడ మంచినీళ్ళంటే మజ్జిగ తెచ్చేవాడు, మజ్జిగంటే మనిషే కరిగిపోయేవాడు. ఇంత ప్రేమ ఉన్నచోట అడగడం అనే అలవాటు పోతుందని ఆవిడకి అప్పుడు తెలియలేదు.

కొడుకు బెన్నికి నందిగామలో పురుగుమందుల కొట్టుంది. కోడలు జాయిస్ అక్కడే స్కూల్లో లెక్కలు చెబుతుంది. అత్తగారు మంచంలో పడి సీలింగు ఫ్యానుని తిడుతూ ఉండటం చూసి, ఒక ఆదివారం టాబ్ తెచ్చి అందులో ఆట ఒకటి పెట్టింది.

ఆటంటే ఒక దీవి. మనిషి ఒట్టి చేతుల్తో ఒడ్డున పడతాడు. చెట్లు కొట్టుకోవాలి, ఇల్లు కట్టుకోవాలి, కోళ్ళని పెంచుకోవాలి, పొట్ట నింపుకోవాలి. ఫలానాది చెయ్యి అని చెప్పేవాడుండడు, దీవంతా మనిష్టం. పగలు బాగానే ఉంటుంది. ఆటలో పొద్దుగూకితే మాత్రం అడవిలోంచి తోడేళ్ళూ, మొహాలు కనబడని ముసుగు మనుషులూ వచ్చి మీద పడతారు. దొరికింది ఎత్తుకుపోతారు, అడ్డమొస్తే చంపుతారు. చచ్చినవాళ్ళు మళ్ళీ అదే ఒడ్డున ఒట్టి చేతుల్తో లేవాలి.

స్కూలు వదలగానే జాయిస్ నందిగామలో ఫోను పట్టుకునేది. పేటలో పరిమళ టాబ్ పట్టుకునేది. ఇద్దరూ ఒకే దీవిలో దిగి, మాటలు స్పీకర్లో మాట్లాడుకుంటూ ఆడేవాళ్ళు. చూస్తుండగానే అక్కడ ఒక చిన్న ఊరు లేచింది. ఊరి ముందు వాగు, వాగు మీద చెక్క వంతెన, వంతెనకి గేటు. ఆ గేటు పరిమళది. ముసుగు మనుషులకి ఆవిడ మొదటిరోజే పేరు పెట్టేసింది, టికెట్లేనోళ్ళు అని. వాళ్ళు వంతెనెక్కితే చాలు, మంచం మీంచే కేక పెట్టేది. "దిగు! దిగు ముందు! ఎక్కడికిరా తోసుకొస్తన్నావ్?" ఆటలోని కర్రతో వెనకనించి బాదేది. విచిత్రమేంటంటే, ఆ టికెట్లేనోళ్ళు ఒక్కరూ ఆవిడ వైపు కన్నెత్తి చూసేవాళ్ళు కాదు. పక్కకి తప్పుకుని పోయేవాళ్ళు.

"చూశావా అమ్మాయ్, నన్ను చూస్తే హడల్!" అనేది పరిమళ. అందులో ఆవిడకి వింతేమీ కనబడలేదు. బస్సులో అంతేగా మరి? టికెట్టు లేనివాడు కండక్టరు మొహం చూస్తాడా ఎక్కడన్నా? కిటికీ వైపు తిరుగుతాడు, చెప్పులు చూసుకుంటాడు. పాతికేళ్ళు అదే చూసిన మనిషికి, దెయ్యాల్లాంటి ఆ ముసుగువాళ్ళు మొహం తిప్పుకుంటే, ఓహో వీళ్ళకీ నేనంటే భయమే అనిపించింది.

జాయిస్ మాత్రం పొద్దు గుంకితే చాలు చచ్చిపోయేది. తోడేళ్ళు పీకేవి, ముసుగువాళ్ళు నరికేవాళ్ళు. పాపం మళ్ళీ ఒడ్డు నించి పరుగెత్తుకొచ్చేది. "ఏంటే నువ్వు, ఇన్నిసార్లు చస్తావు? చదువుకున్నదానివి, కాస్త ధైర్యంగా నిలబడ్డం నేర్చుకో" అని పరిమళ చివాట్లు పెట్టేది. "సరే అత్తయ్యా" అనేది ఆ పిల్ల. ఒక్కసారీ ఎదురు చెప్పలేదు.

చర్చిలో స్త్రీల కూడికకి వెళ్ళినప్పుడు కూడా ఇదే గొప్ప. "కాలు పోయిందనుకున్నారా లూర్దమ్మక్కా? నేను నిలబడ్డ వంతెన మీదికి పురుగు రాదు!" ఇంటికొచ్చి భర్తతో, "ఏవండీ, దీవిలో అంతమందిని ఆపినదాన్ని బస్సులో నలుగురిని ఆపలేనంటారా?" అనేది. "ఎందుకాపలేవు, భేషుగ్గా ఆపుతావు" అనేవాడు ప్రేమదాసు, కళ్ళజోడు తుడుచుకుంటూ. ఆ మాట పట్టుకుని మర్నాడు వీధి చివరిదాకా ఇంకో నాలుగడుగులు ఎక్కువ వేసేది. ఆవిడ నడక సగం ఆ వంతెన మీదే ఆధారపడి ఉందన్నమాట.

ఒకరోజు జాయిస్‌కి స్కూల్లో మీటింగు ఉంది. పరిమళ ఒక్కతే ఆడుతోంది. అంతలో లూర్దమ్మ వచ్చి కూర్చుంది, ఆ కబుర్లలో పడి పరిమళ టాబ్ ఒళ్ళో పెట్టుకుని గేటు సంగతే మర్చిపోయింది. చూసుకునేసరికి దీవిలో తెల్లారుతోంది. గేటు బార్లా తెరిచి ఉంది.

గబగబా కోళ్ళ దొడ్లోకి వెళ్ళి చూసింది. ఒక్క కోడి పోలేదు. ధాన్యం పోలేదు. గోడకి గీత పడలేదు. హమ్మయ్య అనుకుంది. ఆ హమ్మయ్య నోట్లో ఉండగానే అనుమానం పట్టుకుంది. నిండు బస్సులో ఒక్కడూ చిల్లర కోసం గొడవ పెట్టుకోకపోతే ఆవిడకి ఎలా ఉండేదో, ఇప్పుడూ అలాగే ఉంది. ఇంత బార్లా తెరిచిపెడితే ఒక్కడూ రాలేదేంటి?

మర్నాడు చెకింగు పెట్టింది. జాయిస్ వచ్చింది. పొద్దుగూకేవేళకి పరిమళ తనే గేటు తీసేసింది. చేతిలో కర్ర పడేసింది. వంతెన నడుమ ఒట్టి చేతుల్తో నిలబడింది.

తోడేళ్ళొచ్చాయి. ఆవిడకి అటొకటి ఇటొకటి, పక్కనించి దూసుకుపోయాయి. వెనక జాయిస్ "అత్తయ్యా, గేటు!" అని అరిచింది. టికెట్లేనోళ్ళొచ్చారు. పరిమళ అడ్డంగా నిలబడింది. ముందున్నవాడు ఆవిడ భుజం పక్కనించి, అక్కడొక స్తంభం ఉన్నట్టు తప్పుకుని పోయాడు. రెండోవాడూ అంతే. భయం కాదది. వాళ్ళకి ఆవిడ అసలు లెక్కలోనే లేదు. వెనక జాయిస్ చచ్చిపోయింది.

పరిమళకి గడ్డివాము వెనక చెమట వాసన, గరిక వాసన ఒక్కసారిగా ముక్కుకి తగిలాయి.

"జాయిస్" అంది.

"సారీ అత్తయ్యా, మళ్ళీ నేనే చచ్చిపోయా..."

"నీ చావు సంగతి తర్వాత. నన్నెందుకు ముట్టుకోవట్లేదవి?"

దీవి ఒడ్డున మళ్ళీ లేచిన జాయిస్ అక్కడే ఆగిపోయింది.

"అమ్మాయ్, నిన్నే."

"అదీ... మిమ్మల్ని గెస్ట్‌లో పెట్టానత్తయ్యా."

బతిమాలించుకుని చెప్పింది ఆ పిల్ల. ఈ ఆటలో కష్టాన్ని ఎవరికి వాళ్ళే పెట్టుకోవచ్చట. ఈజీ, నార్మల్, హార్డ్ అని మూడుంటాయట. అవి కాక, ఒక్కో మనిషికీ విడిగా గెస్ట్ అని ఒక మీట ఉంటుందట. అది నొక్కితే ఆ మనిషిని ఏ మృగమూ తాకదు, ఆకలి వెయ్యదు, ఒంటరిగా ఉంటే శత్రువు అసలు రానే రాడు.

"ఎవరికోసం పెట్టారంట ఆ మీట?"

"చిన్నపిల్లలు... పెద్దవాళ్ళతో పాటు సరదాగా తిరగడానికి... ఆరేళ్ళ లోపు వాళ్ళకి."

"ఆరేళ్ళా!" ఇల్లు అదిరిపోయింది. గోడ మీద బల్లి కూడా పరుగందుకుంది. "ఎవరు పెట్టమన్నారు నిన్ను?"

"మామయ్యగారు... మీకు బీపీ ఉందనీ, ఓడిపోతే మనసు కష్టపెట్టుకుంటారనీ... నాకూ నిజమే అనిపించిందత్తయ్యా. మీరు అంత సంతోషంగా ఉంటే చెప్పబుద్ధి కాలేదు."

పరిమళ ఆ తర్వాత అడిగిన మాట జాయిస్ ఊహించనిది. "మరి నాకు తగలాల్సిన దెబ్బలన్నీ ఎటు పోయాయే?"

"ఎటూ పోవత్తయ్యా. నామీదికొచ్చేవి."

అందుకా ఈ పిల్ల రోజూ చచ్చేది! తన వాటా దెబ్బలు కూడా తిని, పైగా తనతోనే చివాట్లు తిని, సరే అత్తయ్యా అంటూ ఒడ్డు నించి పరుగెత్తుకొచ్చేది! పరిమళకి కోపంతో పాటు సిగ్గు కూడా ముంచుకొచ్చింది. సిగ్గుతో కలిసిన కోపం చాలా చెడ్డది. టాబ్ మూసి బీరువాలో పడేసి తాళం వేసింది.

సరిగ్గా అప్పుడే ప్రేమదాసు బడినించి వచ్చాడు. సంచిలో, ఖర్మ కాకపోతే, అరటిపళ్ళు. ఆవిడ ఆ పళ్ళ వంక చూసింది, ఆయన వంక చూసింది. "మీరే తినండి" అని లోపలికి పోయింది. ఆయనకి విషయం తెలియడానికి పొయ్యి మీద గిన్నెల చప్పుడే చాలు. "పరిమళా, నీ మంచికే..." అని గుమ్మంలో నిలబడి మొదలుపెట్టాడు. "ఆ మాట ఇంకోసారి అన్నారంటే బాగుండదు" అంది. నాలుగైదు రోజులు ఇంట్లో మాటల్లేవు.

అక్కడితో పోయినా పోయేది. ఆదివారం చర్చి అయ్యాక జ్ఞానయ్య పలకరించడానికి వచ్చాడు. అతనికి ఈ గొడవలేవీ తెలియవు. వస్తూనే నవ్వుతూ, "మంచి పని చేశావమ్మా! బస్టాండులో బస్సుల వేళలు చెప్పే మైకు దగ్గర కుర్చీ అడిగావంట గదా? మాస్టారు వచ్చి మాట్లాడి వెళ్ళారని మనోళ్ళంటున్నారు. నీ గొంతుకి ఆ మైకు కూడా దండగే" అన్నాడు.

ప్రేమదాసు తాగుతున్న టీ గ్లాసు కింద పెట్టేశాడు.

"ఏమండీ," అంది పరిమళ. గొంతు చాలా నెమ్మదిగా ఉంది. జ్ఞానయ్యకి ఆ నెమ్మది తెలుసు, కుర్చీ కాస్త వెనక్కి జరుపుకున్నాడు. "నేను బస్సెక్కనని మీరు చెప్పి వచ్చారా?"

"డాక్టరు కూడా కష్టమే అన్నాడు పరిమళా. నీకు చెబితే దిగులు పెట్టుకుంటావని..."

"డాక్టరు నాతో బ్రహ్మాండంగా ఉందన్నాడే!"

"నేనే అలా చెప్పమన్నా."

అప్పుడు లేచింది చూడండి ఆవిడ, కర్ర లేకుండా లేచింది. "అంటే ఇదంతా గెస్టేనా? దీవిలో గెస్టు, ఆస్పత్రిలో గెస్టు, ఇంట్లో గెస్టు! వీధి చివరిదాకా నడిస్తే భేష్ అన్నారే, అదీ ఉత్తుత్తిదేనా? నేను ఏది నిజంగా చేశానో, ఏది మీరు చేయించారో నాకెలా తెలియాలండీ ఇప్పుడు? నా కాలు నాకు అబద్ధం చెప్పేలా చేశారు గదా! పడిపోతానని మీకు భయం. సరే, ఆ భయం మీది. దాన్ని తెచ్చి నా కాలికి కడతారేంటి? ఒక్కసారి, ఒకే ఒక్కసారి, పరిమళా నీకేం కావాలి అని అడిగారా? ఓడిపోతే ఏడుస్తానంటారా? ఏడుస్తా! నా ఓటమి, నా ఏడుపు! దాన్ని కూడా మీరే దాచుకుంటే నాకింకేం మిగిలింది?"

ప్రేమదాసు కళ్ళజోడు తీశాడు గానీ తుడవలేదు. తప్పు చేసినవాడి మొహం కాదది, అది తప్పని అప్పుడే తెలిసినవాడి మొహం. నన్నడిగితే ఆయన్ని చూసినా జాలేస్తుంది. కానీ జాలిపడే ముందు ఒక్క మాట అడగాలని ఈ మంచివాళ్ళకి ఎందుకు తోచదో నాకు ఇప్పటికీ అర్థం కాదు.

"జ్ఞానయ్యన్నా, రేపు డ్యూటీ ఉందా?" అంది పరిమళ.

"ఉంది. పొద్దున నందిగామ ట్రిప్పే."

"నేనొస్తున్నా. నిలబడి వస్తా, నందిగామ దాకా. ఏమండీ, మీరు సెలవు పెట్టండి. బస్సులో కూర్చోండి. నేను కింద పడ్డా సరే, మీ చెయ్యి లేవడానికి వీల్లేదు."

జ్ఞానయ్య గొంతు సవరించుకున్నాడు. "కాస్త నిదానంగా తోలతాలేమ్మా..."

"రోజూ తోలినట్టే తోలు. నాకోసం ఒక్క గుంట తప్పించావో, జన్మలో నీతో మాట్లాడను."

మర్నాడు బస్టాండులో నేల ఈనినట్టు జనం. ఆడవాళ్ళకి ఉచితం అయిన దగ్గర్నించి పల్లెవెలుగులో సందు దొరకడమే గగనం. పరిమళ కర్ర తెచ్చి భర్త చేతికిచ్చింది. కూర్చో అక్కా అని లేచినవాళ్ళని, "నువ్వు కూర్చోవమ్మా, నాకు పనుంది" అని కూర్చోబెట్టింది. డ్యూటీలో ఉన్న కొత్త కండక్టరమ్మాయి టికెట్లు కొడుతూ ఈవిడని బెరుగ్గా చూసింది. పరిమళ ఇనప రాడ్డు పట్టుకోలేదు, సీటు అంచుకి తుంటి ఆనించి, పాత అలవాటు ప్రకారం కాళ్ళు ఎడంగా పెట్టి నిలబడింది. ప్రేమదాసు పక్క సీట్లో కూర్చుని, చేతులు రెండూ తొడల కింద పెట్టుకున్నాడు, వాటి మీద తనకే నమ్మకం లేక.

విజిలు పడింది. బస్సు ఊరు దాటింది. జ్ఞానయ్య మాట తప్పలేదు, ప్రతి గుంటా పలకరించాడు. పరిమళ మొహం మీద చెమట పట్టింది, పెదాలు బిగించింది, అయినా నిలబడింది. కాలు సలుపుతోంది, ఆ సలుపు నిజమైనదని సంతోషంగానే ఉంది. చిల్లకల్లు వచ్చింది. అడ్డంగా ఆటో వస్తే జ్ఞానయ్య ఒక్కసారి బ్రేకు కొట్టాడు.

కాలు మోకాలి కింద మడత పడిపోయింది. పరిమళ కింద పడింది. బుట్టలో కూరగాయలు దొర్లాయి, ఎవరో "అయ్యో" అన్నారు. ప్రేమదాసు సీట్లోంచి సగం లేచాడు. ఆవిడ కింద నించే ఆయన వంక చూసింది. ఆయన మళ్ళీ చేతుల మీద కూర్చున్నాడు. కళ్ళ వెంట నీళ్ళు కారుతున్నాయి గానీ చెయ్యి మాత్రం లేవలేదు.

పరిమళ రాడ్డు పట్టుకుని తనే లేచింది. మళ్ళీ కాళ్ళు ఎడంగా పెట్టి చూసింది. బస్సు కదిలింది. కాలు గజగజ వణికింది. ఇంకాస్త బిగబట్టి చూసింది. ఆగలేదు. అప్పుడు పక్కనున్న పిల్లతో, "అమ్మా, కాస్త జరుగు" అని అడిగి మరీ కూర్చుంది.

కాసేపటికి, "చూశారా, పడ్డా" అంది భర్తతో.

"చూశా."

"పట్టుకోలేదుగా?"

"లేదు."

"చిల్లకల్లు దాకా నేనే వచ్చా. ఎవరూ మోసుకురాలేదు." అప్పుడు ఏడ్చింది, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, నిండు బస్సులో. "ఇక బస్సు నావల్ల కాదండీ."

అయ్యో ఎందుకు కాదు అనే మాట ప్రేమదాసు నాలుక చివరిదాకా వచ్చింది. మింగేశాడు. "కాదు పరిమళా" అన్నాడు.

"ఇదే ముందు చెప్పి ఉంటే ఎంత బాగుండేది" అంది ఆవిడ, ముక్కు చీదుకుంటూ. "ఆ మైకు దగ్గర కుర్చీ సంగతి నేనే వెళ్ళి అడుగుతా. మీరు చెప్పొచ్చింది వెనక్కి తీసుకోండి. నేను వద్దనుకుంటే బస్సు మానుకోవాలి గానీ, మీరు వద్దంటే కాదు." అంబారుపేట దాటేవరకూ కిటికీలోంచి చేలు చూస్తూనే ఉంది. నందిగామలో దిగేటప్పుడు కర్ర ఇవ్వమని తనే చెయ్యి చాపింది.

ఆ సాయంత్రం జాయిస్ స్కూలు నించి వచ్చి, తమ ఇంటి హాల్లో అత్తగారిని చూసి గుమ్మంలోనే బిగుసుకుపోయింది. "రావే, నిన్ను కొరుక్కు తిననులే" అంది పరిమళ. "ఇన్నాళ్ళూ నా దెబ్బలన్నీ నువ్వే తిన్నావు. చెప్పకపోవడం నీ తప్పే. తిట్టడం నా తప్పు. ఇటు తే ఆ ఫోను, అందులో నా పేరు మీద దీవి తెరువు."

"ఏది పెట్టమంటారత్తయ్యా? హార్డ్ పెట్టనా?"

"నువ్వు పెట్టేదేంటి? చూపించు, నేను పెట్టుకుంటా." గెస్ట్ మీట ఎక్కడుందో వెతికించి, తన వేలితో తీసేసింది. మూడు కష్టాల దగ్గర వేలు కాసేపు ఆగింది. చిల్లకల్లు గుర్తొచ్చింది కాబోలు. "నువ్వాడేది ఏది?"

"నార్మల్ అండీ."

"నాకూ అదే చాలు."

దీవిలో పొద్దుగూకింది. గేటు వేసే ఉంది. టికెట్లేనోళ్ళు దాన్ని విరగ్గొట్టుకుని వంతెన మీదికొచ్చారు. పరిమళ కర్ర పట్టుకుని అడ్డం నిలబడింది. ఈసారి ముందున్నవాడు పక్కకి తప్పుకోలేదు. ఆగాడు. ముసుగు మొహం ఆవిడ వైపు తిప్పాడు. కత్తెత్తి ఒక్కటిచ్చాడు. ఫోనంతా ఎర్రగా మెరిసింది.

"తగిలింది!" పరిమళ కేకకి పక్కింట్లో కుక్క మొరిగింది. "తగిలిందే జాయిస్, నాకే తగిలింది!"

లోపల్నించి బెన్ని పరుగెత్తుకొచ్చాడు, "ఏమైందమ్మా, కాలా?" అంటూ. ప్రేమదాసు కుర్చీలోంచి సగం లేచాడు. ఆవిడ మొహం చూశాడు. చేతులు రెండూ తొడల కింద పెట్టుకుని మళ్ళీ కూర్చున్నాడు.